మనసు గమ్మునుండేలా పరిగెత్తడం ఎలా? తిరుపతిలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి

"పరిగెత్తితే టెన్షన్ తగ్గుతుందన్నారు. నాకేమో రొప్పూ, మోకాలి నొప్పీ తప్ప ఇంకేం రాలేదు." అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్న ఇదే. కారణం కూడా నూటికి తొంభై మందికి ఒకటే: వేగం ఎక్కువ. స్టేడియంలో పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లని చూసి, పరుగంటే అదేననుకుంటారు. వాళ్ల పని వేరు, మీ పని వేరు. మనసు నిదానించాలంటే ముందు కాళ్లు నిదానించాలి. కింద రాసిందంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండేవాళ్లు డాక్టర్‌ని కలిసి, అవసరమైతే ఈసీజీ తీయించుకున్నాకే బూట్లు కొనండి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ బిళ్లలో నాలుగు చక్కెర పొట్లాలో లేకుండా బయటికి వెళ్లకూడదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగం తగ్గించే మందులు వేసుకునేవాళ్లకి వాచీ చూపే గుండె అంకెలు లెక్కలోకి రావు. ఎంత శ్రమపడినా అంకె అంతగా పెరగదు కాబట్టి మాట పరీక్షనే (పరిగెత్తుతూ మాట్లాడగలుగుతున్నారా అని చూసుకోవడం, రెండో మెట్టులో ఉంది) నమ్ముకోవాలి.

మరో సంగతి. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఇవి పరుగుతో సరిపెట్టుకునేవి కావు. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత లైను, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పటికే మందులు వాడుతుంటే పరుగు బాగుందని మందులు ఆపకండి. రెండూ పక్కపక్కన నడవొచ్చు.

ఏమేం కావాలి

- పరుగు బూట్లు ఒక జత. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా మిగలాలి. షాపులో నాలుగడుగులు పరిగెత్తి చూడండి. వేసుకోగానే సుఖంగా లేని బూటు "అలవాటైతే సరిపోతుంది" అంటే నమ్మకండి. 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తాయి. అడుగు అరగకపోయినా లోపలి మెత్తదనం పోయి కాలు నొప్పి మొదలైతే మార్చేయాలి.
- నూలువి కాని సాక్సులు. నూలు చెమట పట్టుకుని బొబ్బలు తెస్తుంది. బనియన్‌కీ ఇదే మాట.
- ఆడవాళ్లకి గట్టిగా పట్టుండే స్పోర్ట్స్ బ్రా. బూట్ల తర్వాత డబ్బు పెట్టాల్సింది దీనిమీదే.
- తొడలు, చంకలు ఒరుసుకోకుండా కొబ్బరినూనె లేదా వాసెలిన్.
- మామూలు డిజిటల్ వాచీ. జీపీఎస్ వాచీ అక్కర్లేదు, మొదటి మూడు నెలలు లేకపోతేనే మేలు.
- చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటామంటే వద్దు. రాద్దామని తెరిచి వాట్సాప్‌లోకి జారిపోతారు.
- జేబులో పేరు, ఇంట్లోవాళ్ల నంబరు, బ్లడ్ గ్రూపు రాసిన చీటీ.

ఇయర్‌ఫోన్స్ జాబితాలో లేవు, గమనించండి. ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాం.

1. చోటు ఎంచుకోండి

రెండు చోట్లు చాలు: రోజువారీకి ఒకటి, ఆదివారానికి ఒకటి.

రోజువారీకి ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణంలోని లోపలి రోడ్లు బాగుంటాయి. చెట్ల నీడ ఉంటుంది, వాహనాలు తక్కువ, వాకింగ్‌కి వచ్చేవాళ్లతో తెల్లవారుజామునే సందడిగా ఉంటుంది. 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానమైతే వేగం కొలుచుకోవడం తేలిక. అక్కడ నిదానంగా పరిగెత్తేవాళ్లు లోపలి గీత వదిలేసి బయటి గీతల్లో ఉండాలి, అది మర్యాద. ఎనిమిదో గీతలో ఒక చుట్టు దాదాపు 453 మీటర్లొస్తుంది, లెక్క వేసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

ఆదివారం పొడుగు పరుగుకి అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి వైపు వెళ్లే రోడ్డు చాలామందికి ఇష్టం. ఒకవైపు కొండ, గాలి చల్లగా ఉంటుంది. కానీ అది అడవి అంచు. చీకట్లో వద్దు, ఒంటరిగా వద్దు. బాగా తెల్లారాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప చనిపోయిన సంగతి ఊరందరికీ తెలిసిందే. యూనివర్సిటీ వైపు కూడా చిరుత కనిపించిందన్న కబురొస్తే రెండు వారాలు ఊరి మధ్య మైదానానికి మారిపోండి. ధైర్యం చూపించాల్సిన చోటు ఇది కాదు.

ఏ రోడ్డయినా ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున పరిగెత్తండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో అలిపిరి వైపు రోడ్లు మరిచిపోండి.

మెట్లదారి గురించి వేరుగా చెప్పాలి. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388. "రోజూ కొండెక్కితే సరిపోదా?" అని అడుగుతారు. ఎక్కండి, కానీ నడుస్తూ, దర్శనానికి. అది భక్తులు చెప్పుల్లేకుండా, పసుపు కుంకుమలు పెట్టుకుంటూ వెళ్లే దారి. వాళ్లని తోసుకుంటూ పరిగెత్తే చోటు కాదు. శరీరానికి కూడా అది వేరే పని: ఎక్కేటప్పుడు గుండె పూర్తి జోరుకి పోతుంది, దిగేటప్పుడు తొడ కండరాలు దెబ్బతిని రెండ్రోజులు కూర్చుని లేవలేరు. కొండకి వెళ్లిన వారం పొడుగు పరుగు మానేయండి.

2. వేగం పట్టుకోండి

ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక పరుగందుకోండి. రెండు నిమిషాలయ్యాక గోవింద నామాలు పైకి చెప్పండి. "శ్రీనివాసా గోవిందా, శ్రీవేంకటేశా గోవిందా" రెండూ ఒకే ఊపిరిలో వస్తే వేగం సరిపోయింది. "శ్రీనివాసా"కీ "గోవిందా"కీ మధ్య ఊపిరి అందుకోవాల్సొస్తే తగ్గించాలి. నామాలు వద్దనుకుంటే చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెలల పేర్లు చెప్పండి, మూడు ఊపిర్లలో అయిపోవాలి. పక్కన మనిషుంటే ఇంటి సంగతులు మాట్లాడుకోండి, అన్నిటికంటే మంచి పరీక్ష అదే.

కొత్తవాళ్లకి ఇది సాధారణంగా కిలోమీటరుకి ఏడున్నర నుంచి తొమ్మిది నిమిషాలు. ఎనిమిది నిమిషాల వేగమంటే ట్రాక్ లోపలి గీతలో ఒక చుట్టు 3 నిమిషాల 12 సెకన్లు. సిగ్గుపడేంత నిదానంగా అనిపిస్తుంది. పక్కనుంచి చురుగ్గా నడిచే పెద్దాయన దాటిపోవచ్చు కూడా. పోనివ్వండి.

గుండె అంకె చూసుకోవాలనుకునేవాళ్లకి: వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేస్తే గరిష్ఠ అంకె దాదాపుగా వస్తుంది. నలభై ఏళ్లవాళ్లకి 180. అందులో 75 శాతం, అంటే 135 దాటకుండా ఉంటే మంచిది. అయితే చేతి వాచీలు కొన్నిసార్లు గుండెని వదిలి అడుగుల్ని లెక్కపెడతాయి. మాటకీ అంకెకీ పొంతన కుదరకపోతే మాటనే నమ్మండి.

అడుగులు చిన్నవిగా, తరచుగా పడాలి. కాలు ముందుకి చాచి మడమతో దబ్బున కొట్టడమే చాలా మోకాలి నొప్పులకి మూలం. నిమిషానికి 160కి పైన అడుగులు పడుతున్నాయో లేదో చూసుకోండి: కుడికాలు 30 సెకన్లలో 40 సార్లు తగలాలి.

3. వారాల లెక్క

వారానికి మూడు రోజులు పరుగు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి. ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు నడక.

- 1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు
- 3, 4 వారాలు: 2 పరుగు, 2 నడక, 6 సార్లు
- 5, 6 వారాలు: 4 పరుగు, 2 నడక, 4 సార్లు
- 7, 8 వారాలు: 8 పరుగు, 2 నడక, 3 సార్లు
- 9వ వారం: 15 పరుగు, 2 నడక, 10 పరుగు
- 10వ వారం: ఆగకుండా 30 నిమిషాలు

ఆ తర్వాత మంగళ, గురువారాలు 30 దగ్గరే ఉంచి ఆదివారం మాత్రం పెంచండి: 35, 40, మళ్లీ 30, తర్వాత 45, 50, 55, మళ్లీ 40, ఆపైన 60. పద్దెనిమిదో వారానికి గంట పరుగు వస్తుంది. మధ్యలో తగ్గించిన వారాలు పొరపాటున పడ్డవి కావు. ఎముకలు, వాటికి కండని కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడేది ఆ తగ్గిన వారాల్లోనే. ఊపిరి రెండు నెలల్లోనే కుదురుకుంటుంది, ఎముకకి అంతకంటే ఎక్కువ కాలం కావాలి. "దమ్ము ఉంది కదా" అని పెంచినవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే.

ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారం మళ్లీ చేయండి. 25 వారాలు పట్టినా నష్టం లేదు.

4. మనసుకి పని అప్పజెప్పండి

ఊరికే పరిగెత్తినంత మాత్రాన మనసు కుదుటపడదు. కొందరికి పరుగులోనే ఆఫీసు గొడవలు ఇంకా గట్టిగా తిరుగుతాయి. అందుకని పరుగుని మూడు భాగాలుగా చేయండి.

*మొదటి పది నిమిషాలు* మనసుని ఏమీ అనకండి. పిల్లల ఫీజు, ఇంటి లోను, నిన్న మేనేజర్ అన్న మాట, అన్నీ రానివ్వండి. అప్పుడు మీ పని ఒక్కటే, వేగం పెరగకుండా చూసుకోవడం.

*మధ్య భాగంలో* ఊపిరి లెక్క. మూడడుగులు పడేంత సేపు గాలి పీల్చి, మూడడుగులు పడేంత సేపు వదలండి. కష్టంగా ఉంటే పీల్చేది మూడు, వదిలేది రెండు. ముక్కుతోనే పీల్చాలన్న పట్టుదల వద్దు, నోరు కూడా వాడుకోండి. వదిలిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రండి. నాలుగు దగ్గర లెక్క తప్పి తమ్ముడితో భూమి తగాదాలోకి వెళ్లిపోతారు. వెళ్లామని తెలిసిన క్షణం, తిట్టుకోకుండా ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఇరవై నిమిషాల్లో యాభైసార్లు తప్పినా సరే. ఆ తిరిగి రావడమే సాధన. పదికి చేరడం లక్ష్యం కాదు.

*చివరి ఐదు నిమిషాలు* లెక్క వదిలేసి చెవులకి అప్పజెప్పండి: దగ్గర శబ్దం, దూరపు శబ్దం, మీ అడుగుల చప్పుడు. రెండు పాదాల చప్పుడూ ఒకేలా ఉందా? ఒకటి బరువుగా పడుతుంటే ఆ కాలు అలిసిందన్నమాట. చెవులు ఖాళీగా ఉండాలన్నది ఇందుకే. వెనకొచ్చే బస్సు వినబడటం దానితో పాటు దొరికే లాభం.

తప్పు జరుగుతోందని ఎలా తెలుస్తుంది? ఎవరితోనో మనసులో వాదిస్తున్నప్పుడు మూడు గుర్తులు కనిపిస్తాయి: దవడ బిగుసుకుంటుంది, భుజాలు చెవుల వైపు లేస్తాయి, వేగం తెలియకుండానే పెరుగుతుంది. వెంటనే ఒక నిమిషం నడవండి. ఊపిరి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. చేతులు రెండుసార్లు విదిలించి, గుప్పిట్లో అప్పడం ఉంది, విరగకూడదు అన్నట్టు వదులుగా మూయండి. తర్వాత మళ్లీ పరుగు, మళ్లీ ఒకటి. ఆ రోజు మూడుసార్లు ఇలాగే అయితే మిగతాది నడకగా మార్చేయండి, ఓడిపోయినట్టేం కాదు.

లెక్క నచ్చనివాళ్లు నామజపం చేసుకోవచ్చు. ఒక్కో నామం ఒక్కో ఊపిరి. నియమం మాత్రం అదే, తప్పితే తిరిగి రావడం.

5. ఆగాక ఏం చేయాలి

ఠక్కున ఆగకండి, తల తిరుగుతుంది. ఐదు నిమిషాలు నడిచి, గట్టు మీద మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ తీయకండి. పరుగుతో వచ్చిన నెమ్మది చాలామందికి ఆవిరయ్యేది ఇక్కడే: చెమట ఆరకముందే దూరం, వేగం స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి, ఎవరు లైకు కొట్టారో చూసుకోవడం మొదలవుతుంది.

నోటుబుక్కులో ఒకే ఒక్క లైను: తేదీ, నిమిషాలు, పరుగుకి ముందు మనసు ఎలా ఉందో 10కి ఎంత, తర్వాత ఎంత (అంకె పెద్దదైతే మనసు అంత కుదురుగా ఉన్నట్టు). అంతే. దినచర్య రాయడం మొదలుపెడితే పది రోజుల్లో అదీ మానేస్తారు, ఇదీ మానేస్తారు.

6. తిండి, నీళ్లు, ఎండ

ముప్పై నలభై నిమిషాల పరుగుకి ముందు ఏమీ తినకపోయినా ఫర్వాలేదు, షుగర్ మందులు వేసుకునేవాళ్లు తప్ప. అలవాటున్నవాళ్లకి సగం అరటిపండు, లేదా రెండు ఖర్జూరాలు. గంట పరుగైతే తప్పకుండా తినండి. తర్వాత గంటలోపు రాగి జావలో మజ్జిగ కలుపుకుని తాగండి, లేదా ఇడ్లీతో గుడ్డు. ఆదివారమైతే సంగటి, ఊరిబిండి తిని పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. ముందురోజు రాత్రి పదింటికి బిర్యానీ తిన్నవాళ్ల గొంతులోకి పుల్లటి తేన్పులొస్తాయి. ఆ తప్పు బూట్లది కాదు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మే నెలాఖరులో సూర్యుడు ఆరింటికి ముందే వచ్చేస్తాడు, ఆరుంబావుకల్లా ఇంట్లో ఉండాలి. ఎండాకాలం మొదట్లో ఒంటికి అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా నిమిషాలు మూడో వంతు తగ్గించండి.

నీళ్లు ఎంత తాగాలో ఊహించకండి, కొలవండి. పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. అర కిలో తగ్గితే అర లీటరు పోయిందన్నమాట. దాన్ని ఒకటి రెండు గంటల్లో కొంచెం కొంచెంగా తాగండి. బరువు పెరిగితే ఎక్కువ తాగేశారు. అది కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. గంట దాటితే ఓఆర్ఎస్. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి.

ఎండలో రోమాలు నిక్కబొడుచుకున్నా, తల బరువెక్కినా, మాట తడబడినా పరుగు అక్కడితో ఆపి నీడకి చేరండి, తల మీద నీళ్లు పోసుకోండి. పక్కవాళ్లు పొంతన లేకుండా మాట్లాడితే ఒళ్లంతా తడుపుతూ 108కి ఫోన్ చేయాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. చినుకుల్లో పరిగెత్తొచ్చు, నిలిచిన నీళ్లలో వద్దు, కింద మూత లేని డ్రైనేజీ ఉందో గుంత ఉందో తెలియదు. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, ఎండలో పెడితే అడుగు ఊడిపోతుంది.

7. పనిచేస్తోందో లేదో చూసుకోవడం

నాలుగు వారాలకి ఒకసారి నోటుబుక్కు తీయండి.

ముందు, తర్వాత అంకెల మధ్య తేడా చూడండి. ఎక్కువ రోజులు తర్వాతి అంకె పెద్దదైతే దారి సరైనదే. తేడా లేకపోయినా, తగ్గుతున్నా, పది మందిలో తొమ్మిది మందికి వేగమే కారణం. ఒక నెల ఇంకా నిదానించి చూడండి.

ఉదయం మంచం దిగకముందే నాడి ఒక నిమిషం లెక్కపెట్టండి. నెలలు గడిచేకొద్దీ మెల్లగా తగ్గాలి. ఒక రోజు మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువుంటే నిద్ర చాలలేదో, జ్వరం రాబోతోందో. ఆ రోజు పరుగు లేదు.

నెలకోసారి ఒకే చుట్టు, ఒకే మాట్లాడే వేగంతో మూడు కిలోమీటర్లు పరిగెత్తి టైము రాయండి. శ్రమ పెరగకుండా టైము తగ్గుతుంటే దమ్ము పెరిగినట్టు.

ఇంకొకటి, అన్నిటికంటే నిక్కచ్చి పరీక్ష: ఇంట్లోవాళ్లని అడగండి. "ఈ నెలలో నేను విసుక్కోవడం తగ్గిందా?" మీ నోటుబుక్కు మీకు మొహమాటపడొచ్చు, ఇంట్లోవాళ్లు పడరు.

నొప్పులొస్తే

పదికి మూడు లోపు నొప్పి, పరిగెత్తే కొద్దీ తగ్గితే కొనసాగించవచ్చు. నడక కుంటుపడితే ఆ క్షణమే ఆపాలి. కాలి ముందెముక పొడుగునా నొప్పి అంటే నిమిషాలు తొందరగా పెంచారు, రెండు వారాలు వెనక్కి వెళ్లండి. అదే ఎముక మీద ఒక్క చోట వేలుతో నొక్కితే ప్రాణం పోయేలా ఉంటే చీలిక కావచ్చు, ఎముకల డాక్టర్‌కి చూపించాలి. మోకాలి చిప్ప చుట్టూ అయితే అడుగు చిన్నది చేసి, వారానికి రెండుసార్లు గోడకుర్చీ వేయండి. తెల్లవారి మొదటి అడుగుకి మడమ గుచ్చుకుంటే పిక్కలు సాగదీయండి, ఇంట్లో సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా తిరగకండి. డొక్కలో పోటుకి నడుస్తూ పూర్తిగా ఊపిరి వదలడమే మందు.

కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, నిలబడి, మెల్లగా పక్కకి నడవండి. పరిగెత్తేదాన్ని తరమడం వాటి నైజం. కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదే రోజు టీకాకి వెళ్లండి.

తరచూ అడిగేవి

*సాయంత్రం పరిగెత్తొచ్చా?* పరిగెత్తొచ్చు. పడుకునే సమయానికి రెండు మూడు గంటల ముందే ముగించండి.

*బహిష్టు రోజుల్లో?* ఒంటికి బాగుంటే ఇబ్బంది లేదు. నిదానంగా పరిగెత్తినా నెలల తరబడి ఆయాసం తగ్గకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఆడవాళ్లలో రక్తం తక్కువ ఉండటం చాలా మామూలు.

*పది కిలోమీటర్ల పోటీకి పేరు ఇవ్వొచ్చా?* గంట పరుగు మాట్లాడుతూ చేయగలిగాక ఇవ్వండి. మొదటి ఐదు కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటిపోయేలా పరిగెత్తండి.

*పండగకి ఊరెళ్లి మానేశాం, ఎక్కడి నుంచి మొదలు?* వారం పోతే ఆపిన చోటి నుంచే. రెండు మూడు వారాలు పోతే లెక్కలో రెండు వారాలు వెనక్కి. నెల దాటితే ఐదో వారం దగ్గర మొదలుపెట్టండి. జ్వరంతో మానేసినవాళ్లు మాత్రం, జ్వరం పూర్తిగా తగ్గాక వారం రోజులు నడక మాత్రమే. డెంగీ అయితే డాక్టర్ సరేననేదాకా అదీ వద్దు.